గంగాళంలో పుట్టినవాడు

ధర్మపురికి పోయివచ్చినవాడికి యమపురి ఉండదని పెద్దల మాట. పెద్దలకు ప్రేమ్‌కుమార్ సంగతి తెలియదు గనక ఆ మాట అన్నారు. ఆయనను ధర్మపురి నుంచే యమపురికి పంపించారు. పంపించిన రోజు ఆయన అక్కడ లేడు. అసలు ఈ దేశంలోనే లేడు. దుబాయి అవతల ఎక్కడో ఖర్జూరపు తోటలో చెట్టెక్కి గెలలు కోస్తున్నాడు. ఇక్కడ గోదావరి ఒడ్డున తమ్ముడు రవీందర్ గుండు చేయించుకుని, మోదుగాకులతో మనిషంత బొమ్మ కట్టించి, దానికి నిప్పు పెట్టి, పదకొండో రోజు నలుగురికి అన్నం పెట్టాడు. మూడేళ్ళ తరవాత ఆ చచ్చినవాడు సంచి భుజాన వేసుకుని జగిత్యాల బస్టాండులో దిగాడు.

ఇప్పుడు ఆయనను మళ్ళీ బతికించాలి. అందుకూ ధర్మపురికే పోవాలి.

ఇందులో ఎవరిని తప్పుపట్టాలన్నా కష్టమే. వాళ్ళది సారంగాపూర్ పక్క ఊరు, కల్లుగీత ఇల్లు. ఊరి ఈతవనం సగం ఎండిపోయి, మిగిలిన సగానికి గీసేవాళ్ళు ఎక్కువైపోయాక, ప్రేమ్‌కుమార్ చెట్టెక్కే మోకును అటక మీద పడేసి దుబాయి పోయాడు. పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. అప్పటికి పెళ్ళాం సంగీతకు ఇరవై ఏళ్ళు, బిడ్డ ఊర్మిలకు రెండు. రెండేళ్ళు ఫోన్లు వచ్చాయి. తరవాత ఆగిపోయాయి. కంపెనీ నుంచి పారిపోయాడని ఒకరు, జైల్లో ఉన్నాడని ఒకరు, ఎడారిలో ఎండకు పోయాడని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. పంపిన ఏజెంటును అడుగుదామంటే వాడి ఇంటికే తాళం.

పన్నెండేళ్ళు జాడ లేనివాడికి కర్మ చేయాలన్నది శాస్త్రం. పదమూడో ఏట తల్లి మొగిలవ్వ ఆ మాట ఎత్తింది. కొడుకు రోజూ కలలోకి వచ్చి పళ్ళెం చాపుతున్నాడట. "వాడు సచ్చి ఆకలికి తిరుగుతున్నడు. ఒక్క పిండం పెట్టకపోతే నేనేం తల్లిని" అని ఆమె రెండు నెలలు ఏడ్చింది. ఆ తల్లిని ఏమనగలం?

సంగీత మాత్రం వద్దంది. ఒకసారి కాదు, ఇంట్లో అంది, కులపెద్దల ముందు అంది, ధర్మపురి రేవు మెట్ల మీద కూడా అంది. "ఆయిన బతికే ఉన్నడు. బతికున్నోనికి నేను బొట్టు తీసుకోను." ఆడది మొగుడి మీద ఆశతో అంటుందిలే అని అందరూ జాలిపడ్డారు. జాలిపడుతూనే ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకున్నారు, ఇంకొకామె గాజులు పగలగొట్టింది, అత్త స్వయంగా బొట్టు తుడిచింది. ఆ రోజు గోదావరిలో చాలా కలిశాయి. సంగీత మాట కూడా కలిసిపోయింది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికున్నప్పుడు ప్రేమ్‌కుమార్‌ను ఎవరూ గొప్ప చేయలేదు. కర్మ అయ్యాక మాత్రం అంత మంచివాడు జిల్లాలో లేడన్నారు. ఆ మంచివాడి విధవగా ఊళ్ళో ఎదురురావడానికి సంగీతకు ఏడాది పాటు మొహం చెల్లలేదు. పొద్దున్నే ఎవరైనా బండి మీద పోతుంటే తనే గోడవారకు జరిగేది. బీడీలు చుట్టుకుంటూ ఎన్నాళ్ళు గోడవారకు జరుగుతాం అనుకుని ఒక రోజు బిడ్డను తీసుకుని సిరిసిల్ల పోయింది. అక్కడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో చేరింది. మొదట గుండీలు, తరవాత కాలర్లు, ఇప్పుడు నలభై మిషన్ల వరసకు ఆమే పెద్ద. ఊర్మిల డిగ్రీ రెండో ఏడు. మార్కెట్టు వెనక ఒకే గది, ఒకే కిటికీ. ఆ గదిలో ఒక ఆదివారం తల్లీబిడ్డలు దేనికో పడీపడీ నవ్వారు. విధవకు ఇంత నవ్వు రావచ్చా అని సంగీతకు భయం వేసింది. తరవాత ఆదివారం కూడా నవ్వారు, ఈసారి భయం వేయలేదు.

అట్లాంటప్పుడు ఈయన దిగాడు. దుబాయి సర్కారు కాగితాలు లేనివాళ్ళకు క్షమాభిక్ష పెట్టి పంపించేస్తే వచ్చాడు.

మొగిలవ్వ వాకిట్లోనే కొడుకును పట్టుకుని ఏడ్చింది గానీ గడప దాటనివ్వలేదు. కర్మ అయిపోయిన మనిషి ఇంట్లో కాలు పెడితే ఇంటికి మంచిది కాదని చుట్టుపక్కలవాళ్ళు అప్పటికే గుమిగూడి చెప్పేశారు. వాకిట్లో విస్తరి వేసి అన్నం పెట్టారు. మంగలి గడ్డం గీయనన్నాడు. చచ్చినవాడి గడ్డం గీసిన కత్తితో బతికున్నవాళ్ళకు ఎట్లా గీస్తాడు మరి? ఆఖరికి చెల్లెలు ప్రేమలత, పెళ్ళై వేరే ఇంటిపేరు అయిపోయింది గనక తనకు ఆ పట్టింపు లేదని, అన్నను కోరుట్లకు తీసుకుపోయి ఉంచుకుంది.

రవీందర్ ధర్మపురి పోయి పంతులును అడిగాడు. పంతులు పుస్తకాలు తిరగేసి దారి ఉందన్నాడు. కర్మ జరిగాక తిరిగివచ్చినవాడు మళ్ళీ పుట్టాలి. పుట్టుక, పేరు, అన్నప్రాశన, అన్నీ మొదటి నుంచి కావాలి. ఆ తరవాత పాత పెళ్ళాన్నే కొత్తగా పెళ్ళి చేసుకోవాలి. మాఘమాసంలో మంచిరోజు ఉంది.

రోజు ఖాయం చేసుకుని, మార్కెట్టులో కొత్తబట్టలు కొనుక్కుని, చివరికి సంగీతకు ఫోన్ చేశారు. పెళ్ళయ్యాక సిరిసిల్ల గది ఖాళీ చేసి ఊరికి రావాలనీ, ఊర్మిలను హాస్టల్లో వేద్దామనీ కూడా అప్పుడే చెప్పారు. సంగీత సరే అనలేదు, కాదనలేదు. పెళ్ళిరోజు ఎన్నింటికి రావాలో కనుక్కుని ఫోన్ పెట్టేసింది.

ఆమెకు మొగుడి మీద కోపం ఉందో లేదో ఆమెకే తెలియదు. కోరుట్లలో ఒకసారి చూసింది. పదిమంది మధ్యలో, ప్రేమలత ఇంటి వరండాలో, ఎండకు నల్లబడి, ముందుపళ్ళు రెండు పోయి, చాయ కప్పు వంక చూస్తూ కూర్చున్నాడు. అయ్యో అనిపించింది. బావి దగ్గర తనకు తోడుగా నీళ్ళు మోసిన మనిషి, ఊర్మిల పుట్టినప్పుడు జగిత్యాల ఆస్పత్రి మెట్ల మీద రాత్రంతా కూర్చున్న మనిషి. ఆ మనిషి కోసం పదమూడేళ్ళు ఊరందరితో కొట్లాడింది. ఇప్పుడు వచ్చాడు. సంతోషంగా ఉండాలి గదా? పెళ్ళికి ముందు ఆయనను ఒక్కమాట అడగాలి, అడిగాక తేల్చుకోవాలి అనుకుంది. తేల్చుకోవడానికి తన చేతిలో ఏముందన్నది వేరే సంగతి.

పెళ్ళిరోజు పొద్దున అందరూ జగిత్యాల బస్టాండులో కలిశారు. సంగీత, ఊర్మిల సిరిసిల్ల నుంచి, ప్రేమలత, ప్రేమ్‌కుమార్ కోరుట్ల నుంచి, మొగిలవ్వ, రవీందర్ ఊరి నుంచి. రవీందర్ కారు మాట్లాడతానన్నాడు గానీ మొగిలవ్వకు కారు ఎక్కితే వాంతులు. ఇంతకాలానికి కొడుకును కంటున్న తల్లి, ఆమె మాట కాదనలేక అందరూ ధర్మపురి బస్సు ఎక్కారు.

"పుస్తె పడేదాక పెండ్లిపిల్ల, పిల్లగాడు పక్కపక్కన కూసోవద్దు" అని ప్రేమలత నవ్వింది. ప్రేమ్‌కుమార్ నిజమే అనుకున్నాడు కాబోలు, పోయి వెనక సీట్లో కూర్చున్నాడు. బస్సు ఊరు దాటాక సంగీత లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ప్రేమలత నవ్వు ఆగింది.

కండక్టర్ వచ్చి సంగీత ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. ప్రేమ్‌కుమార్ జేబులోంచి పైసలు తీసి ఇద్దరికీ ఇవ్వబోయాడు.

"ఆడోళ్ళకు ఫిరి" అంది సంగీత.

"ఎప్పటిసంది?"

"ఏడాది దాటింది."

ఆయన తన టికెట్ ఒక్కటే తీసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కిటికీలోంచి పసుపుచేలు, మధ్యమధ్య మామిడితోటలు పోతున్నాయి. పూత బాగా వచ్చింది ఆ ఏడు.

"ఒక్కమాట అడుగుత. అబద్దం చెప్పకు" అంది.

"అడుగు."

"ఫోనెందుకు చెయ్యలె?"

ఆయన టికెట్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత ఊళ్ళో పంచాయితీలో చెప్పినట్టు మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. కంపెనీ మూతపడింది, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. పారిపోయి తోటల్లో పడ్డాడు. చెట్టెక్కే కులం ఏ దేశం పోయినా చెట్టే ఎక్కింది. పోలీసులు పట్టుకుంటే ఏడాదిన్నర లోపల ఉన్నాడు. బయటికి వచ్చి మళ్ళీ తోటలోనే పడ్డాడు.

"మొదట్ల ఫోన్ లేక చెయ్యలె. తర్వాత సిగ్గుకు చెయ్యలె. పంపుడు లేదు, వచ్చుడు లేదు. చేసి ఏం చెప్పాలె?"

"పదారేండ్లల ఒక్కపారి గూడ చెయ్యలేదా?"

లేదని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇంకోరకంగా పోయేది. మనిషి మంచివాడు, అదీ చిక్కు. అబద్ధం చెప్పొద్దని ఆమె అడిగింది, ఆయన చెప్పలేదు.

"ఒక్కపారి చేసిన."

సంగీత ఆయన మొహం వంక చూసింది.

"పదేండ్లయితది. తోటల ఒక మలయాళీ ఆయిన ఫోనిచ్చిండు. పోరి ఎత్తింది. అమ్మ అర్రల బీడీలు చేస్తున్నది, ఎవరు మీరు అన్నది. ముందుగాల నేను గొంతు గుర్తువట్టలె. తర్వాత సమజైంది, మన ఊర్మిల అని."

"ఏమన్నవు మరి?"

"ఏమనలె. పెట్టేసిన."

ఆయన ఇల్లు విడిచిన రోజు, సంగీత తన ఫోన్ నంబరు నోటికి వచ్చేదాకా పదిసార్లు చెప్పించింది. నంబరు మారిస్తే ఆయనకు ఇంకో దారి లేదని ఆ ఒక్క నంబరును పట్టుకుని ఉంది. నూనె ప్యాకెట్టు కొనలేని వారాల్లో కూడా రీచార్జి చేయించింది. సిమ్ము పోయినప్పుడు వాన పడుతుంటే జగిత్యాల దాకా పోయి అదే నంబరు మళ్ళీ తెచ్చుకుంది. ఆ నంబరు మోగింది. ఆయనే చేశాడు. తను పక్క గదిలో, నాలుగడుగుల దూరంలో, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

జైలు అర్థమవుతుంది, ఎడారి అర్థమవుతుంది. అక్కడ ఇంకో ఆడది ఉందన్నా నాలుగు రోజులు ఏడ్చి అర్థం చేసుకునేదేమో. బతికున్నానని చెప్పడానికి ఎంత మాట కావాలి? నేను అంటే సరిపోయేది. ఊర్మిలా అన్నా సరిపోయేది. ఆ ఒక్కమాట పడి ఉంటే రేవు మెట్ల మీద తన రెక్కలు పట్టుకునేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు.

"తప్పయింది" అన్నాడు ఆయన.

సంగీత లేచి పోయి బిడ్డ పక్కన కూర్చుంది. ఊర్మిల ఏమైందని కళ్ళతోనే అడిగింది. ఏం లేదని తల ఊపింది.

ధర్మపురిలో దిగి ముందు గుడికి పోయారు. అందరూ నరసింహస్వామి దర్శనానికి లోపలికి పోతే ప్రేమ్‌కుమార్ బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు. ఇంకా పుట్టలేదు గదా, ఆయనకు దర్శనం లేదు. స్వామిని చూసి వస్తూ మొగిలవ్వ యమధర్మరాజు గుడి దగ్గర ఆగింది. దేశంలో యముడికి మొక్కేవాళ్ళు పెద్దగా కనబడరు, ఇక్కడ కనబడతారు. దీపంలో నూనె పోసి, ఎదురుగా నిలబడి, పొలం గట్టు మీద పక్కవాడితో మాట్లాడినట్టు అంది. "నువ్వు తీస్కపోలె. మేమే తోలినం. తప్పు మాది. నా పోరన్ని పట్టుకోకు."

పంతులు ఇల్లు రేవుకు పోయే సందులో ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆ వీధిలో పిండాలు పెట్టించేవాళ్ళకు రోజూ గిరాకీ, మనిషిని పుట్టించే పని తన చేతి మీద ఇదే మొదటిసారట. అందుకేనేమో ప్రతిదీ రెండుసార్లు పుస్తకంలో చూసుకుంటున్నాడు. పెరట్లో పెద్ద ఇత్తడి గంగాళం పెట్టించాడు. శాస్త్రం ప్రకారం నెయ్యితో నింపాలట, కాలాన్ని బట్టి నీళ్ళతో నింపి మీద గరిటెడు నెయ్యి పోస్తే చాలన్నాడు.

నలభై ఆరేళ్ళ ప్రేమ్‌కుమార్ నడుముకు తువ్వాలు చుట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, పిడికిళ్ళు బిగించి గంగాళంలో ముడుచుకు కూర్చున్నాడు. కడుపులో బిడ్డలాగా మాట్లాడకుండా ఉండాలని పంతులు చెప్పాడు. మాఘమాసం చన్నీళ్ళకు పళ్ళు మాత్రం టకటకలాడాయి. మంత్రాలు అయ్యాక లేవమన్నాడు. లేవబోతే మోకాళ్ళు పట్టుకుపోయి లేవలేకపోయాడు. రవీందర్ ఒక రెక్క, మొగిలవ్వ ఒక రెక్క పట్టుకుని లాగారు. నీళ్ళు కారుతూ బయటపడ్డాడు.

"కొడుకు పుట్టిండమ్మా" అన్నాడు పంతులు.

మొగిలవ్వ నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం. కొంగుతో కొడుకు తల తుడిచింది. నడుముకు నల్ల మొలతాడు కట్టింది. నాలిక మీద తేనె రాసింది. పళ్ళెంలో బియ్యం పోసి పేరేమిటని పంతులు అడిగాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కాకుండా ఇక్కడ కొడుకు ముందే తయారుగా ఉన్నాడు. మొదటి పేరు అచ్చిరాలేదు, దేవుడి పేరు పెడదామని ముసలామెకు ఆశ.

"అవ్వా, ఆధార్‌ల ప్రేమ్‌కుమార్ అనే ఉన్నది. మార్పియ్యాలంటే ఆఫీసుల సుట్టు మల్ల తిరుగలేం" అన్నాడు రవీందర్.

ప్రేమ్‌కుమార్ అనే ఖాయమైంది. అన్నం ముద్ద నోట్లో పెట్టి అన్నప్రాశన చేశారు. గంటలో ఆయన పెళ్ళీడుకు వచ్చాడు.

పెళ్ళి పెరట్లోనే, వేపచెట్టు కింద. పీటలు వేశారు. ప్రేమ్‌కుమార్‌కు కొత్త పంచె కట్టి బాసికం కట్టారు. ప్రేమలత సంగీత చేతికి పచ్చ గాజులు తొడగబోయింది. "ఆగు" అంది సంగీత. సిగ్గుపడుతుందనుకుని ప్రేమలత ఆగింది. జీలకర్ర బెల్లం నూరి పెట్టి ఉంది. పసుపుతాడుకు పుస్తె కట్టి కొబ్బరికాయ మీద పెట్టి ఉంది. వంటాయన పులిహోర, బొబ్బర్ల కూర, బూరెలు వండడం అయిందని చెప్పి పోయాడు.

పంతులు పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఇది పాత పెండ్లి కాదు. కొత్త పెండ్లి కింద లెక్క. సంకల్పం చెప్పేముందు అడగాలె. అమ్మా, ఈ పెండ్లి నీకు ఇష్టమేనా?"

రవీందర్ నవ్వాడు. ప్రేమలత నవ్వింది. పంతులు కూడా మాటవరసకే అడిగి, జవాబు కోసం ఆగకుండా అక్షతలు చేతిలోకి తీసుకున్నాడు.

మొదటి పెళ్ళికి సంగీతకు పదహారేళ్ళు. అప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. మేనమామ వచ్చి సంబంధం కుదిరిందన్నాడు, అమ్మ తలకు నూనె పెట్టింది, అంతే. విధవను చేసినప్పుడూ అడగలేదు, అడగకుండానే చెప్పినా వినలేదు. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళకు ఒకాయన పుస్తకంలో రాసి ఉంది గనక అడిగాడు. ఎందుకు అడిగితేనేం, అడిగాడు గదా అనుకుంది.

"ఇష్టం లేదు అయ్యగారు" అంది.

రవీందర్ ముందుగా తేరుకున్నాడు.

"వదినె, ఏందిది? మూర్తం దాటుతది. గింతమందిల ఇజ్జత్ తియ్యకు."

"గాయిన అడిగిండు, నేను చెప్పిన."

"అన్న వచ్చిండు గదా. నువ్వు కోరుకున్నదే గదా. అప్పుడు బతికున్నడు బతికున్నడని ఊరంత కొట్లాడితివి."

"కొట్లాడిన. మీరు సచ్చిండన్నరు. నేను కాదన్న. నా మాట పక్కకువెట్టి మీరే గీ గోదావరిల కలిపిన్రు. నేను మూడేండ్లు విధవగ బతికిన." సంగీత గొంతు పెంచలేదు. నలభై మిషన్ల చప్పుడు మీద మాట్లాడే అలవాటు గనక ప్రతి మాటా వినబడింది. "ఈయినె ఇయ్యాల పొద్దుగాల పుట్టిండు. మీరే పుట్టిచ్చిన్రు. మంచిగ బతకాలె. నాకు మొగడు గాదు."

ఊర్మిల వచ్చి తల్లి వెనక నిలబడింది. రవీందర్ పంతులు వంక చూశాడు. పంతులు పుస్తకంలో పేజీ తిప్పాడు, ఇట్లాంటిదానికి ఏం చేయాలో అందులో రాసి లేదు. రవీందర్ తల్లి దగ్గరికి పోయి, "అవ్వా, నువ్వన్న చెప్పు. నీ మాట వింటది" అన్నాడు.

మొగిలవ్వ పీట మీద నుంచి నెమ్మదిగా లేచింది. కొడుకును చూసింది, కోడలిని చూసింది. ఆ ముసలామె పుస్తె అందుకుని తనే కట్టిస్తుందేమోనని ప్రేమలత కొబ్బరికాయ కూడా చేతిలోకి తీసుకుంది.

"ఆనాడు వద్దు వద్దని మొత్తుకున్నది. నేను వినలె. నా చేత్తోని బొట్టు తుడిచిన" అంది మొగిలవ్వ. "గప్పుడు వింటే నాకు గీ పాపం లేకుండె. ఇయ్యాల గూడ వినకపోతే నేను మనిషిని గాదు. అయ్యగారూ, లేవున్రి. పిల్లకు ఇష్టం లేదట."

అందరికంటే ముందు ప్రేమ్‌కుమార్ చేయి పైకి లేచింది. నుదుటి మీది బాసికం విప్పి, నలగకుండా మడిచి, పీట పక్కన పెట్టాడు. ఆమె ఎందుకు వద్దందో ఆయనకు తెలుసు, తెలిసినవాళ్ళు అక్కడ ఆయనా ఆమే.

వండిన అన్నం పారేయలేరు. పెళ్ళి లేని పెళ్ళిభోజనానికి అందరూ వరసగా కూర్చున్నారు. రవీందర్ మొదట తిననని అలిగి, రెండో వడ్డనకు కూర్చున్నాడు. వడ్డించే వంటాయనకు సంగతి తెలియదు, పెళ్ళికొడుక్కు ఇంకో రెండు బూరెలు వేయమంటారా అని అడిగాడు. మొగిలవ్వ వేయమంది. పుట్టినరోజు గదా మరి.

తిన్నాక సంగీత అత్త కాళ్ళకు దండం పెట్టింది. మొగిలవ్వ ఆమె తల మీద చేయి పెట్టి, "పోరిని సదివియ్యి" అంది. వేరే దీవెన ఏదీ నోటికి రాలేదు.

సందు చివర దాకా ప్రేమ్‌కుమార్ వెనక వచ్చాడు. కొత్త పంచె ఆయనకు పొట్టిగా ఉంది.

"నువ్వుంటవనే అనుకున్న" అన్నాడు. "గన్నేండ్లు ఎప్పుడు తలుసుకున్నా, నువ్వు ఇంట్ల ఉన్నట్టే ఉండేది నాకు."

"ఉన్న. నువ్వనుకున్నన్ని దినాలు గక్కడ్నే ఉన్న" అంది సంగీత.

ఆయన తల ఊపాడు. ఆ మొహం చూస్తే ఆమెకు పాపం అనిపించింది. పాపం అనిపించడం వేరు, మళ్ళీ పోయి ఆ ఇంట్లో ఉండడం వేరు. "అవ్వను మెల్లగ బస్సెక్కియ్యి. ఇంట్లకు నువ్వు పో, ఇగ ఎవ్వలు ఆపరు" అని చెప్పి తిరిగింది.

బస్టాండులో జగిత్యాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. తల్లీబిడ్డలు ముందు సీట్లో కూర్చున్నారు. బస్సు గోదావరి వైపు వెనక్కి తిప్పుకుని రోడ్డెక్కింది. ఊరు దాటేదాకా సంగీత బాగానే ఉంది. రేపు షెడ్డులో కొత్త బట్ట వస్తుందనీ, కొలతలు చూసుకోవాలనీ ఊర్మిలతో చెప్పింది. పసుపుచేలు మొదలయ్యాక మాట ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడేళ్ళ కింద రేవు మెట్ల మీద అందరూ ఏడవమన్నా రాని ఏడుపు, ఇప్పుడు ఆపుదామన్నా ఆగడం లేదు. టికెట్టు కొట్టవచ్చిన కండక్టర్ కూడా ఏమీ అడగకుండా వెనక సీట్లకు పోయాడు.

"అమ్మా, ఎందుకు ఏడుస్తున్నవ్?" అని ఊర్మిల భయంగా అడిగింది. "వద్దన్నది నువ్వే గదా?"

"మీ నాయిన సచ్చిపోయిండు బిడ్డా" అంది సంగీత.